దేవుడి బియ్యం

ఎక్కడైనా కాఫీ గింజలు పొడి పడుతున్న వాసన వస్తే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

బీదర్‌లో మాది చాయ్ తాగే ఇల్లు. మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసిన రోజుల్లో నానమ్మకు కాఫీ అలవాటట. మంచాన పడ్డాక అదే అడిగింది. నాన్న చేత్తో తిప్పే కొత్త కాఫీ మిల్లు తెచ్చాడు.

"లోపట నూనె, ఇనుప పొడి ఉంటది బిడ్డా. ముందుగాల బియ్యం పట్టి పారెయ్యాలె," అంది అమ్మ.

చేతికందిన డబ్బాలోంచి బియ్యం తీసి, మిల్లును మోకాళ్ల మధ్య ఇరికించుకుని తిప్పాను. బూడిద రంగు పిండి రాలింది. మోరీ కాలువలో పోశాక గుర్తొచ్చింది, అది అమ్మ పూటపూటా పిడికెడు తీసి చర్చికి దాచే బియ్యమని.

నానమ్మ గ్లాసెడు కాఫీ తాగి, "మంచిగుంది," అంది. ఆదివారం రాకముందే పోయింది. దేవుడి బియ్యం మోరీపాలు చేసినందుకే అనుకున్నాను. సమాధి దగ్గర ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు.

నాకు పిల్లలు పుట్టాక అమ్మకు చెప్పాను.

"నాకెర్కే బిడ్డా. ఆ పూటనే డబ్బ నింపిన. నువ్వు నానమ్మ కోసం ఏడుస్తున్నవనుకున్న."

ఆనాడు నేను ఏడ్చింది దేవుడికి భయపడి. నానమ్మ కోసం ఏడ్చింది, అమ్మ ఆ మాట అన్నాకే.