అవ్వ మూలలో అతికించిన ముక్క

నా చిన్నప్పుడు మా ఇంటి సిమెంటు నేల వానాకాలమంతా కాళ్ళకు జివ్వుమనేది. పాపిరెడ్డిపట్టిలో మాది ఒంటిగది ఇల్లు. పొయ్యి, పడకలు అన్నీ అందులోనే. ఆ ఏడు మా అక్క తొలికాన్పుకు రాబోతోంది. పసిబిడ్డను ఆ చల్లని నేల మీద ఎట్లా పండుకోబెట్టేదని అమ్మకు ఒకటే దిగులు.

పక్కింటి మామ హోసూరులో నేలకు ప్లాస్టిక్ షీట్లు అతికించే పనికి పోయేవాడు. ఎక్కడో మిగిలిన పచ్చరంగు షీటు చుట్టను అక్క కోసమని మోసుకొచ్చి మా గుమ్మం దగ్గర నిలబెట్టాడు. ఇక నాకు తిండి మీద ధ్యాస లేదు. వెంటనే పరిచేస్తాడనుకుంటే, ఆయన అరచేతంత ముక్కలు కత్తిరించి, నేల శుభ్రంగా తుడిచి, బంక రాసి, గుమ్మం దగ్గర ఒకటి, పొయ్యి దగ్గర ఒకటి, మా అవ్వ పండుకునే మూలలో ఒకటి అతికించాడు.

"కొన్ని దినాలు ఎవరూ తాకొద్దండి. పీకి చూసినాకే పరిచేది. నేల బంక పట్టకుంటే షీటు ఉబ్బిపోతాది" అన్నాడు.

నేను ఆ ముక్కల చుట్టూ పిల్లిలా తిరిగాను. ఊడిపోతే షీటు పరచరేమో అని అవ్వను వేధించాను. "ఊడదు లేమ్మా, నేనుండాను గదా" అనేది. అవ్వ అన్నదంటే ఊడదనే నమ్మాను.

మామ వచ్చిన పొద్దున గుమ్మం దగ్గరి ముక్క ఎంత లాగినా చినిగింది గాని ఊడలేదు. పొయ్యి దగ్గరిదీ అంతే. అవ్వ మూలలో మాత్రం ముక్క కనబడలేదు. చుట్టిపెట్టిన చాప తీస్తే కింద గోనెసంచులు, వాటి కింద మా పాత గుండ్రాయి. సంచులు తడిగా ముక్కిన వాసన కొట్టాయి. మామ రాయిని పక్కకు దొర్లించాడు. లాగే పని కూడా లేకపోయింది. ముక్క దానంతటదే చేతిలోకి వచ్చేసింది. వెనక బంక తడిసి తెల్లబడి ఉంది.

"బరువు పెడితే తడి నేల పడతాదా పెద్దమ్మా? ఎన్నాళ్ళుగా ఈ తడిలో పండుకుంటా ఉండావు?"

"నాకేమయ్యా. నా మూల వల్ల షీటు నిలిచిపోతే పాప ఏడస్తాది గదా" అంది అవ్వ నా వైపు చూసి.

అన్నాళ్ళూ ఆమె దగ్గుతుంటే మేమంతా అది వయసు దగ్గనుకున్నాం. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకైతే అవ్వ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే పోయి ఆమెను గట్టిగా వాటేసుకున్నాను.

మామ ఆ దినమే షీటును గుమ్మం వైపు సగం గదికి సరిపోయేలా కత్తిరించి పరిచాడు. తడి మూలను గాలి ఆడేలా ఖాళీగా వదిలేశాం. ఆ పచ్చ షీటు మీద మొదట పండుకున్నది అక్క బిడ్డ కాదు, అవ్వ. బిడ్డ పుట్టినాక ఆమె పక్కలోనే పెరిగింది. అవ్వ దగ్గు కూడా మెల్లగా తగ్గింది.

ఇప్పుడు నేనే అవ్వనయ్యాను. ధర్మపురిలో మా కోడలు ఇల్లంతా టైల్సు వేయించింది. బెంగళూరులో పనికి కుదిరిన మనవరాలు ఫోనులో "బాగుండాను అవ్వా" అంటుంది. నేను అంతటితో వదలను. "యాడ పండుకుంటా ఉండావు? పరుపు కింద చెయ్యి పెట్టి చూసి చెప్పు" అంటాను. అది నవ్వుతుంది. నవ్వుతూనే లేచిపోయి, చూసి వచ్చి చెబుతుంది.