తివాచీ ఎక్కని చాందినీ

గుర్రాల సంగతి నాకు తెలుసనుకోవడం ఈ కథలో నా మొదటి తెలివితక్కువతనం. నాకు తెలుసన్న సంగతి గుర్రానికి కూడా తెలుసనుకోవడం రెండోది. రెండేళ్ల కిందట, బోధన్ వైపు చెరకు కొట్టే రోజుల్లో ఈ రెండూ ఒకేసారి బయటపడ్డాయి.

పోలీసు గుర్రాలకు ట్రైనర్‌గా చేసి రిటైరయ్యాక నిజామాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాను. ఇంటి వెనక కొంత జాగా, ఒక రేకుల షెడ్డు. పెళ్లి గుర్రాల వాళ్లు మొండికేసిన వాటిని తెచ్చి నాకు అప్పగిస్తుంటారు. బోధన్ గఫార్ భాయ్ చాందినీని అలాగే తెచ్చాడు. నాలుగేళ్ల తెల్లటి ఆడగుర్రం. బరాత్‌లో పెళ్లికొడుకును మోయాలి. కానీ కొత్త చోటు కనబడితే కాళ్లు పాతేస్తుంది. ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఎర్ర తివాచీ చూసిందంటే ఇక నడక వెనక్కే. పెళ్లిళ్ల సీజన్‌లోగా దారికి రాకపోతే రాష్ట్ర సరిహద్దు అవతలి బేరగాడికి అమ్మేయాలని వాళ్లింట్లో తీర్మానమైంది.

"ఇది వోతే నేను ఆటో నడుపుకోవాలె సార్," అన్నాడు గఫార్ భాయ్. "ఆటోను పేరు వెట్టి పిలుస్తే మర్లి సూస్తదా?"

పది రోజులు చాలన్నాను. గుర్రానికి కళ్లెం ఉంది, నా నోటికే లేకపోయింది.

మా పనిలో డీసెన్సిటైజేషన్ అని ఒకటుంది. భయపెట్టే వస్తువును ముందు దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి చూపిస్తూ, అది తనను ఏమీ చేయదని గుర్రానికి నమ్మకం కుదిరేదాకా ఓపిక పట్టడం. షెడ్డు ముందు తివాచీ పరిచాను, గొడుగులు తెరిచి మూశాను, ఫోనులో బ్యాండు మోత పెట్టాను. తొమ్మిదో రోజుకు చాందినీ తివాచీ మీద మహారాణిలా నడిచింది. గఫార్ భాయ్ వచ్చి చూస్తానంటే నేనే వద్దన్నాను. మధ్యలో యజమాని కనబడితే గుర్రం ధ్యాస చెడుతుందని నా పాండిత్యం.

పదో రోజు బోధన్‌లో ఒక ఫంక్షన్ హాలు అడిగి తెరిపించుకుని, గఫార్ భాయ్ చుట్టాలందరినీ రమ్మన్నాను. నా తివాచీనే తీసుకుపోయి పరిచాను. పగ్గం గఫార్ భాయ్ చేతికిచ్చి గర్వంగా పక్కన నిలబడ్డాను. చాందినీ గేటును చూసింది, తివాచీని చూసింది, పగ్గం పట్టిన మనిషిని చూసింది. ఏ ఒక్కదాన్నీ నమ్మలేదు. వెనక్కి నడిచి రెండు పూలకుండీలు పగలగొట్టి, నా కొత్త చెప్పు మీద కాలేసి ఆగింది. అప్పటికి చెప్పులో నా కాలు కూడా ఉంది.

గఫార్ భాయ్ బామ్మర్ది సలీం అదంతా వీడియో తీశాడు. మర్నాడు పొద్దునకల్లా అది నిజామాబాద్‌లో మా పాలవాడి ఫోనుకు కూడా చేరింది. ఆయన పాలతో పాటు పరామర్శ కూడా పోసి వెళ్లాడు. సలీం దగ్గర అన్నిటికీ ఒకటే మందు.

"రెండు కొట్టుండ్రి సార్, గదే పోతది. గుర్రానికి గింత మర్యాద ఎందుకు?"

కుంటుతూ ఇంటికొచ్చాక నా తప్పేమిటో తెలిసింది. గుర్రం పాఠాన్ని చోటుతోనూ మనిషితోనూ కలిపి నేర్చుకుంటుంది. చాందినీ మా పెరట్లో నన్ను నమ్మింది. బోధన్‌లో గఫార్ భాయ్‌ని నమ్మమని దానికి ఎవరు నేర్పారు?

మళ్లీ మొదటికొచ్చాను. చాందినీ గఫార్ భాయ్ ఇంటి దగ్గరే ఉంది, రోజూ పొద్దున్నే నేనే బస్సెక్కి బోధన్ పోవడం. ఈసారి పగ్గం గఫార్ భాయ్‌దే. నేను పది అడుగుల దూరంలో, నోరు మూసుకుని. మొదటి చోటు నిజాంసాగర్ కాలువ వంతెన. గుర్రం ఆగితే మనమూ ఆగాలి. ఒక్క అడుగు ముందుకేస్తే ఆ క్షణంలోనే పగ్గం వదులు చేయాలి. దీన్ని ప్రెషర్ అండ్ రిలీజ్ అంటారు. వదలడమే గుర్రానికి బహుమానం. అది గుర్రానికి ఒక్క పూటలో అర్థమైంది, గఫార్ భాయ్‌కి మూడు రోజులు పట్టింది. ప్రేమ ఎక్కువైన కొద్దీ ఆయన పిడికిలి బిగుస్తుంది.

దారిన పోయే చెరకు ట్రాక్టర్ల వాళ్లు ఆపి మరీ సలహాలిచ్చేవారు. ఒకాయన కళ్లకు గంతలు కట్టమన్నాడు. ఒక అవ్వ దిష్టి తీయమన్నది. ఇంకొకాయన మరాఠీలో చాలాసేపు ఏదో చెప్పాడు. నాకు అర్థం కాలేదు గనక ఆయన మీద మాత్రం కోపం లేదు.

వంతెనకు ఆరు రోజులు పట్టింది. పెట్రోలు బంకుకు రెండు. రెంజల్ వారపు అంగడికి ఒక్క పూట. చోటు మారినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచే, కానీ ఆ మొదలు ప్రతిసారీ కొంచెం పొట్టిదవుతూ వచ్చింది. సలీం రోజూ వచ్చి చూసి, బేరగాడు ఐతారం వస్తున్నాడని గుర్తుచేసి పోయేవాడు.

ఐతారం పొద్దున చాందినీని అది ఎన్నడూ చూడని హాలుకు తీసుకుపోయాం. బేరగాడు ఒక కుర్చీలో కూర్చున్నాడు. గేటు దగ్గర పరిచిన తివాచీ ముందు చాందినీ ఆగిపోయింది. సలీం నా వైపు చూసి నవ్వాడు. గఫార్ భాయ్ పగ్గం లాగలేదు. వదులు చేసి, దానికి వీపు తిప్పి, ఊరికే నిలబడ్డాడు. నాకు లాగాలని చేతులు దురద పెట్టాయి. చాలాసేపటికి చాందినీ ముక్కు తెచ్చి ఆయన భుజానికి ఆనించింది.

"దా బిడ్డా," అన్నాడు మెల్లగా. "నేనున్న."

ఒక గిట్ట తివాచీ మీద పడింది. తర్వాత రెండోది. స్టేజీ దాకా ఆయన వెనకే నడిచింది. బేరగాడు టీ తాగి, ఉత్త చేతులతో లేచిపోయాడు.

ఆనాటి నుంచి నాకొక నియమం. యజమాని తానే పగ్గం పట్టనంటే ఆ గుర్రాన్ని నేను ముట్టను. నా మీద కుదిరిన నమ్మకాన్ని ఇంకొకరి చేతికి అందించడం నా వల్ల కాదు.

తర్వాతి వారం సలీం వచ్చాడు. చాందినీకి బుకింగులు మొదలయ్యాయని చెప్పి, తనకూ పగ్గం పట్టడం నేర్పమన్నాడు. సంతోషంగా వంతెన దగ్గరికి తీసుకుపోయి పగ్గం చేతికిచ్చాను. మాట్లాడొద్దు, ఫోను తీయొద్దు, గుర్రం నిన్ను నమ్మిన గుర్తు కనబడగానే నేనే పిలుస్తానని చెప్పి ఎదురుగా టీ హోటల్లో కూర్చున్నాను.

తల దించి పెదవులు నాక్కుంటే గుర్రం కుదుటపడినట్టు; ఆ గుర్తేమిటో సలీంకు చెప్పలేదు. చాందినీ ఐదు నిమిషాల్లోనే ఆ పని చేసింది. సలీం ఎండలో కదలకుండా నా పిలుపు కోసం చూస్తున్నాడు. నేను ఇంకో టీ చెప్పి, అది చల్లారేదాకా ఆగి తాగాను.