బోసి సీసాల నఖ్లే మామ

నఖ్లే మామ రెండు చేతులూ మోచేతుల దాకా గోరువెచ్చటి చాకలిసోడా నీళ్ళ తొట్టిలో ఉన్నాయి. తొట్టి అడుగున పన్నెండు వైను సీసాలు పడుకుని నానుతున్నాయి. ఆయన ఒక్కొక్కటే పైకి తీసి, బొటనవేలి గోటితో లేబులు అంచు లేపి, పుండు మీద కట్టు విప్పినంత నెమ్మదిగా ఊడదీస్తాడు. బంగారు అక్షరాల లేబులైనా, ముతక కాగితమైనా ఆ గోటికి ఒకటే. ఊడిన లేబుల్ని తీసుకెళ్ళి కిటికీ అద్దానికి అంటిస్తాడు. బోసి సీసాని తుడిచి అరలో పెడతాడు.

మా జహ్లే ఊళ్ళో వైను అమ్మే కొట్లు చాలా ఉన్నాయి. లేబులు పీకేసి అమ్మే కొట్టు ఇదొక్కటే.

లేబులుకి బదులు సీసా మెడకి దారంతో ఒక అట్టముక్క కడతాడు. దాని మీద పెన్సిలుతో రాసేది వైను పేరు కాదు, ఊరు కాదు, సంవత్సరం కాదు. 'కాల్చిన మాంసానికి. అరగంట చన్నీళ్ళలో పెట్టి తాగు.' 'వెల్లుల్లి దట్టించిన కోడికి. మిగిలితే వెనిగర్ చేసుకో, నన్ను తిట్టకు.' ఒకసారి మా వీధి దంతవైద్యుడికి ఇచ్చిన సీసా మీద 'మీ అత్తగారు వచ్చిన రోజుకి. ముందు ఆవిడ గ్లాసులో పొయ్యి' అని ఉంది.

"అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఏదో నీకెలా తెలుస్తుంది మామా?" అని అడిగాను.

"కవల పిల్లల్ని గుర్తుపట్టడం తల్లికి ఎవరు నేర్పార్రా?" అన్నాడు.

ఆయన దగ్గరికి వెళ్ళి 'ఒక సీసా ఇవ్వండి' అంటే పని జరగదు. మొదటి ప్రశ్న, పొయ్యి మీద ఏముంది? రెండోది, బల్ల చుట్టూ ఎవరెవరు కూర్చుంటారు? మొదటిదానికి జవాబు తెలియకపోతే ఇంటికి పంపించేస్తాడు. దంతవైద్యుడి భార్య ఒక శనివారం మూడుసార్లు తిరిగింది. మొదటిసారి 'చేప' అంది. 'వేయించిందా, కాల్చిందా?' అన్నాడు. వెళ్ళి వచ్చి 'వేయించింది' అంది. 'నువ్వుల పచ్చడి ఉందా?' అన్నాడు. మూడోసారి ఆవిడ గిన్నే పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. మూత తీసి వాసన చూసి, "ఉప్పు తక్కువైంది తల్లీ" అని సీసా ఇచ్చాడు.

రెండో ప్రశ్న గురించి ఊళ్ళో మంచి అభిప్రాయం లేదు. ఎవరింటికి ఎవరు వస్తున్నారో, ఎవరి సంబంధం ఎంతవరకూ వచ్చిందో ముసలాడికి కావాలి, ఊరి గుట్టంతా ఆ తొట్టిలో నానుతోంది అనేవారు. నేనూ అన్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను సీసాలకి బిరడాలు బిగించే మిషన్లు బాగుచేస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పదిహేనేళ్ళ వయసులో ఒక మిషను విప్పాను, మళ్ళీ బిగించడానికి నెల పట్టింది, ఆ నెలలో వచ్చిందే నా చదువు. మా లోయలో వైను చేసే ప్రతిచోటా నా చెయ్యి పడింది. అందుకని బిరడా చూస్తే అది ఏ మిషను నుంచి వచ్చిందో చెప్పగలను. కొండ మీది మఠంలో ఫాదర్ యువాకీం నడిపే మిషనుంది. బిరడాని నొక్కిపట్టే దాని దవడ లోపల చిన్న గాటు. అక్కడ బిగించిన ప్రతి బిరడా మీదా నిలువుగా వెంట్రుకవాసి గీత పడుతుంది. దానివల్ల వైనుకి నష్టం లేదు గనక నేను రెండేళ్ళుగా 'వచ్చేవారం చేస్తాను ఫాదర్' అంటూ వచ్చాను.

మఠం వైనే నఖ్లే మామ కింది అరలో ఉంటుంది. సీసా ఐదు డాలర్లు. దాని గురించి ఆయన చెప్పేది ఇది: "ఇది కుర్రది. ఏడాదిలోపు తాగెయ్యాలి. కాస్త చల్లగా ఉంటే చాలు, ఉల్లిపాయతో, పుదీనాతో, దేనితోనైనా కలిసిపోతుంది." మధ్య అరలో పదిహేను డాలర్ల తెల్ల వైను, మన ఒబైదీ ద్రాక్షది. చేపకీ కోడికీ జున్నుకీ. పై అరలో ఎనభై డాలర్లది. "అది నిద్రపోతున్న పెద్దమనిషి. లేపగానే మాట్లాడడు. రెండు గంటల ముందే బిరడా తీసి పెట్టాలి. గొర్రె తొడ నాలుగు గంటలు ఉడికిన రోజున తప్ప దాన్ని ముట్టుకోకు. పచ్చి ఉల్లిపాయతో తాగావా, వైనూ దండగ, ఉల్లిపాయా దండగ."

ఈ పద్ధతంటే అస్సలు గిట్టని మనిషి ఫవాద్. కస్టమ్స్ లో పనిచేసి రిటైరయ్యాడు. పాతికేళ్ళు పెట్టెల మీది కాగితాలు చదివినవాడు కాబట్టి వైను గురించి తనకి తెలిసినంత ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఒకరోజు కొట్లో నిలబడి, "లేబులు లేని సీసా, పేరు లేని మనిషి, రెండూ ఒకటే!" అని అరిచాడు.

నఖ్లే మామ తొట్టిలోంచి చేతులు తీశాడు. కిటికీ అద్దం మీంచి తడి తడిగా ఉన్న బంగారు లేబులు ఒకటి తీసి ఫవాద్ కోటు జేబు మీద అంటించి, "ఇక నీకూ పేరుంది, వెళ్ళిరా" అన్నాడు. ఫవాద్ ఆ కోటుతోనే చర్చికి వెళ్ళాడు. పాట సగంలో ఉండగా ఎవరో చెప్పారట.

ఇలాంటి మనిషి దగ్గరికి నేను బంగారు లేబులు సీసా కోసం వెళ్ళాల్సి వచ్చింది. బ్యాంకులు చేతులెత్తేసి, జనం దాచుకున్న డబ్బంతా వాటిలోనే ఇరుక్కుపోయిన ఏడాది అది. నాకు బ్యాంకులో దాచేంత ఎప్పుడూ లేదు గనక ఇరుక్కున్నదీ లేదు. మా అమ్మాయి నజ్లా పెళ్ళి మాటలు అనీస్ గారి అబ్బాయితో కుదిరాయి. అనీస్ గారంటే ఊళ్ళో పెద్ద ఇల్లు, చలవరాతి మెట్లు, అందరూ దొరా అన్నట్టు 'ఖవాజా' అని పిలిచే మనిషి. పైగా ఫవాద్ ఆయన బావమరిది. ఆదివారం వాళ్ళింట్లో భోజనం. అలాంటి భోజనానికి పిల్లవైపు నుంచి ఒక సీసా, పిల్లాడివైపు నుంచి ఒక సీసా బల్ల మీద పక్కపక్కన పెట్టడం మా దగ్గర అలవాటు. అందరి కళ్ళూ ఆ రెండు సీసాల మీదే ఉంటాయి.

నా భార్య వదాద్ ఎనభై డాలర్లు నా జేబులో పెట్టి గుండీ కూడా పెట్టింది. "బిరడాలు బిగించేవాడి కూతురని రేపు నా పిల్లని వాళ్ళు చులకనగా చూడకూడదు. పై అర రకం తే. లేబులు ఉండాలి. ఆ ముసలాడి తొట్టిలో పడకముందే లాక్కుని రా."

వెళ్ళాను. తొట్టిలో చేతులు పెట్టుకునే ఉన్నాడు.

"మామా, పై అరలోది ఒకటి. ఇంకా లేబులు పీకనిది ఇవ్వు."

"పొయ్యి మీద ఏముంది?"

"నా పొయ్యి కాదు. అనీస్ ఖవాజా ఇంట్లో భోజనం. వాళ్ళేం వండుతున్నారో నాకేం తెలుసు? కనుక్కుని రమ్మంటావా?"

"అక్కర్లేదు. నాకు తెలుసు."

పదిహేనేళ్ళలో ఆయన నోట 'అక్కర్లేదు' అనే మాట వినడం అదే మొదటిసారి. చేతులు తుడుచుకుని కింది అర దగ్గరికి వంగాడు. నా గుండె కూడా అటే జారింది.

"మామా, అది కాదు, పైది! నా కూతురి సంబంధం ఇది. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళు తడిగా ఉన్నాయి, వద్దు." అట్టముక్క మీద ఏదో గీకి, సీసా మెడకి కట్టి నా చేతిలో పెట్టాడు. నేను చాపిన నోట్లలోంచి ఐదు డాలర్లే లాక్కున్నాడు. "మిగతావి పిల్ల చెప్పులకి వాడు. ఒరే మిల్హెం, బల్ల దగ్గర బిరడా నువ్వే తియ్యి. ఇంకొకడి చేతికివ్వకు."

అట్టముక్క మీద 'రెండిళ్ళకి' అని ఉంది.

ఇంట్లో జరిగింది క్లుప్తంగా చెబుతాను. "బట్టల్లేని సీసా తెచ్చావా?" అంది వదాద్. ఆదివారం వచ్చింది. అనీస్ గారి గేటు దాకా నడిచినంతసేపూ సీసా తానే మోసింది, శాలువా కింద దాచి.

గేటు అనీస్ గారే తీశారు. ఎప్పుడూ గేటు దగ్గరుండే డ్రైవరు కనబడలేదు. లోపల హాల్లో గోడకి పియానో వెడల్పున రంగు కొంచెం ముదురుగా ఉంది, పియానో లేదు. ఇవన్నీ చూశాను గానీ అప్పుడు నా ధ్యాసంతా వదాద్ శాలువా మీదే.

బల్ల మీద పెద్ద పళ్ళెం వచ్చింది. బంగాళదుంప కిబ్బె. ఉపవాసాల రోజుల్లో మాంసం లేకుండా చేసుకునేది.

"డాక్టరు ఈయన్ని మాంసం ముట్టొద్దన్నాడు. అందుకని అందరికీ ఇదే చేయించాను" అంది అనీస్ గారి భార్య, ఎవరూ అడగకుండానే.

"ఏ డాక్టరు?" అన్నాడు ఫవాద్. ఆవిడ అతని పళ్ళెంలో రెండు గరిటెలు ఎక్కువ వడ్డించింది.

వదాద్ కళ్ళు మూసుకుని మా సీసా తీసి బల్ల మీద పెట్టింది. అనీస్ గారు లోపలికెళ్ళి వాళ్ళది తెచ్చి పక్కన పెట్టారు. అదీ బోసి సీసానే. మెడకి అదే అట్టముక్క, అదే పెన్సిలు రాత, 'రెండిళ్ళకి'.

వదాద్ కళ్ళు తెరిచింది.

"అయ్యో బావా, నువ్వూ ఆ పిచ్చాడి దగ్గరే కొన్నావా!" అన్నాడు ఫవాద్. "సరే, లేబులు లేకపోతే నేను లేనా? నాలుక మీద వేస్తే ఏదేమిటో చెప్పేస్తాను."

"మిల్హెం మేస్త్రీ, బిరడాలు మీరు తియ్యండి. మీ చేతి పని కదా" అన్నారు అనీస్ గారు.

మా బిరడా తీశాను. నిలువుగా గీత. ఊహించిందే. వాళ్ళ బిరడా తీశాను. నిలువుగా, అదే చోట, అదే వెంట్రుకవాసి గీత. ఒకే మఠం, ఒకే మిషను, ఒకే ఐదు డాలర్లు.

ఫవాద్ ముందు అనీస్ గారి సీసాలోంచి ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! ఇది ఓక్ పీపాలో కనీసం పదేళ్ళు నిద్రపోయింది. పై కొండ ద్రాక్ష. వంద డాలర్లకి తక్కువుండదు. అంతేనా బావా?"

అనీస్ గారు దగ్గారు.

తర్వాత మాది తాగాడు. "ఇది... పర్వాలేదు. కష్టపడి చేసిన వైను. పల్లెటూరి పిల్ల లాగ మంచిదే. కానీ దానికీ దీనికీ పోలికెక్కడ!"

వదాద్ మొహం కందిపోయింది. నజ్లా పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. నా గుప్పిట్లో రెండు బిరడాలున్నాయి. బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒక్క మాట అంటే చాలు, ఫవాద్ జన్మలో మళ్ళీ వైను గురించి నోరెత్తడు. చెయ్యి సగం లేపాను కూడా.

అప్పుడు అనీస్ గారి వంక చూశాను. ఆయన నా గుప్పిటే చూస్తున్నారు. గీత సంగతి ఆయనకి తెలియదు. కానీ తాను ఏ అరలోది కొన్నారో తెలుసు, నేను బిరడాల మేస్త్రీనని తెలుసు. ఆయన వేళ్ళు బల్లగుడ్డ అంచుని మెల్లిగా మడుస్తున్నాయి. గేటు, పియానో, డాక్టరు, బంగాళదుంపలు, అన్నీ అప్పుడు నా బుర్రలో ఒక్కచోట బిగుసుకున్నాయి. పై అరలోది లేబులుతో సహా తెచ్చి ఈ బల్ల మీద పెట్టి ఉంటే?

రెండు బిరడాలూ జేబులో వేసుకున్నాను. "ఖవాజా గారి సీసా ముందు మాదెంత లెండి" అన్నాను.

అనీస్ గారు బల్లగుడ్డ అంచు వదిలేశారు. తర్వాత తన గ్లాసు మా సీసా వైపు జరిపి, "నాకు ఇదే నచ్చింది. ఇదే పొయ్యండి వియ్యంకుడు గారూ" అన్నారు.

ఆ మాటకి వదాద్ రెండోసారి కిబ్బె వడ్డించుకుంది. ఫవాద్ మాత్రం సాయంత్రం దాకా వంద డాలర్ల సీసానే పట్టుకుని కూర్చున్నాడు, ఎవరికీ పోయలేదు.

మర్నాడు పొద్దున్నే కొట్టుకి వెళ్ళాను. తొట్టి, చేతులు, మామూలే.

"రెండూ ఒకటే కదా మామా?"

"ఏ రెండు?" అన్నాడు లేబులు గోకుతూ.

జేబులోంచి బిరడాలు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన తడి వేలితో ఒకదాని మీద గీత తడిమాడు, రెండోదాని మీద తడిమాడు. అప్పటిదాకా ఆ గీత సంగతి ఆయనకీ తెలియదని మొహం చూస్తే తెలిసింది. నన్నే బిరడా తియ్యమన్నది, ఫవాద్ చేతికి సీసా ఇస్తే ఊపి ఊపి పాడుచేస్తాడనట.

"ఇంకెవరైనా చూశారా?"

"నా కంట తప్ప ఇంకెవరి కంటా పడదు."

"ఇవాళ పడదు. రేపు ఎవడి కంటైనా పడుతుంది." బిరడాలు రెండూ నా వైపు తోసేశాడు. "ముప్ఫై ఏళ్ళుగా నేను కాగితాలు ఊడదీస్తున్నాను. బిరడా మీద పేరు రాసి పంపిస్తున్నది నువ్వా? నీ మిషను నువ్వు చూసుకోరా." మళ్ళీ తొట్టిలో చేతులు పెట్టాడు. 

తిన్నగా కొండెక్కి మఠానికి వెళ్ళాను. దవడ విప్పి, సన్న ఆకురాయితో గాటు అంచులు దించి, నూనె పూసిన గరుకు కాగితంతో వేలికి ఏమీ తగలనంత నున్నగా చేశాను. మధ్యాహ్నం గంట కొట్టేసరికి తిరిగి బిగించాను. ఫాదర్ యువాకీం ఒక ఖాళీ సీసా తెచ్చారు. బిరడా దించి, పైకి తీసి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాం. గీత లేదు.

"రెండేళ్ళుగా రాని వచ్చేవారం ఇవాళెలా వచ్చింది మేస్త్రీ? ఆ గీత వల్ల నష్టం లేదన్నావుగా?"

"వైనుకి లేదు ఫాదర్" అన్నాను. చేతులు తుడుచుకుని, మిషను పిడి ఆయన చేతికిచ్చాను.