పట్టించమన్న నూనె

నల్లమ్మ చేతి మెంతినూనె అంటే నల్లమాడ చుట్టుపక్కల బాలింతలకు సగం ప్రాణం. మెంతులు దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచి, నువ్వులనూనెలో సన్నని సెగ మీద కాచేది. ఆ చేదు వాసన వీధిలోకి వస్తే ఎవరింట్లోనో కాన్పు అయిందని ఊరంతా తెలిసిపోయేది. నడుము నొప్పికి, మోకాళ్ల వాపుకు, రాలే జుట్టుకు, పసిబిడ్డల కడుపుబ్బరానికి అదే మందు. అన్నీ పైపూతలే. ఆ సంగతి తెలియనివాళ్లు ఉంటారని ఆమెకు ఎన్నడూ తోచలేదు. తనకు వచ్చింది అందరికీ వచ్చనుకోవడమే మంత్రసానుల జబ్బు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో, వానలు మొహం చాటేసిన ఏడు, అక్కమ్మ కోడలు ఆంజినమ్మకు తొలికాన్పు. గుంతకల్లులో తల్లి లేకుండా పెరిగిన పిల్ల. బిడ్డ కడుపుబ్బి గుక్కపెట్టి ఏడుస్తుంటే, నల్లమ్మ నూనె గిన్నె చేతికిచ్చింది. "పొద్దున్నే రోంత పట్టించు పాపా" అని ఇంకో కాన్పుకు పరుగెత్తింది.

పసివాళ్లకు విరేచనానికి ఆముదం పట్టించడం ఆంజినమ్మ చూసింది. ఆమెకు తెలిసిన పట్టించడం అదొక్కటే. ఉగ్గుగిన్నెతో నోట్లో పోసింది. నూనె ఊపిరికి అడ్డంపడింది. నల్లమ్మ వచ్చేసరికి బిడ్డ లేడు.

"పూసే నూనె తాపి నా మనవణ్ణి చంపినావు గదే!" అక్కమ్మ కోడలి జుట్టు పట్టుకుంది. "ఈ ఇంట్లో నీకు చోటు లేదు, పో!"

పోవడానికి పుట్టిల్లు కూడా లేని పిల్ల నల్లమ్మ వైపు చూసింది. "నువ్వే గదా అవ్వా, పట్టించమంటివి?"

పూయమన్నానని ఒక్క అబద్ధమాడితే ఊరు నల్లమ్మనే నమ్ముతుంది. పిల్ల వీధిన పడుతుంది.

"అవును అక్కమ్మా, నేనే అంటి. పాప తప్పు లేదు. దాన్ని వదులు."

అక్కమ్మ కోడలిని వదిలింది. ఊరు నల్లమ్మను వదిలేసింది. మళ్లీ ఏ ఇల్లూ ఆమెను కాన్పుకు పిలవలేదు. పని దొరికిననాడు చెనిక్కాయ చేలలో కూలికి పోయేది. ఎక్కడైనా మెంతుల వాసన తగిలితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏడ్చేది.

ఏళ్లు గడిచాక ఆంజినమ్మ ఆమె గడపలో వచ్చి కూర్చుంది. చంకలో చంటిబిడ్డ, చేతిలో మెంతుల మూట.

"వీనికి కడుపు ఉబ్బిండాది అవ్వా. నువ్వే కాచి, నువ్వే పట్టించు."

నల్లమ్మ మూట అందుకుంది. "ఆ మాట అనగాకు పాపా. పూయమను."

"పూయవ్వా" అని ఆంజినమ్మ బిడ్డను ఆమె ఒళ్లో పడుకోబెట్టింది.