అసలు ఇంటూ గుర్తు

ఆ రోజుల్లో నెట్‌లో సినిమా చూడాలంటే చదువు అక్కర్లేదు, చేతి నేర్పు కావాలి. వేలితో తోసే ఫోన్లు అప్పుడప్పుడే షార్జా పక్కన సజ్జాలోని మా కూలీల క్యాంపుల్లోకి వస్తున్నాయి. మా గదిలో ఎనిమిది మందికి ఒకటే ల్యాప్‌టాప్, అది నాది. సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్‌గా చేస్తూ పాత సామాన్ల బజారులో కొన్నది. ఊరికే సినిమాలు చూపించే సైట్లు ఉండేవి. ఊరికే అంటే, హీరో ఒక గుద్దు గుద్దేలోపు పది ప్రకటనలు తెర మీదికి దూకేవి. మీరు కొత్త ఫోన్ గెలిచారంటుంది ఒకటి. (మా గదిలో అందరికన్నా పెద్దవాడు, వడ్రంగం చేసే కాక, మొదటిసారి అది నిజమేననుకుని ఇంటికి ఫోన్ చేసి బిడ్డకు చెప్పేశాడు.) మీకు రెండు కిలోమీటర్ల దూరంలో అందమైన అమ్మాయిలు ఎదురు చూస్తున్నారంటుంది ఇంకొకటి. మాకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నది ఒక కంకర మిషనూ, మాలాంటి మగవాళ్ళతో నిండిన మరో నాలుగు క్యాంపులూను.

ప్రతి ప్రకటన మూలలోనూ దాన్ని మూసేందుకు ఇంటూ గుర్తు ఉంటుంది. ఒకటి కాదు, మూడు. రెండు దొంగవి, వాటిని నొక్కితే ఇంకో నాలుగు ప్రకటనలు పుట్టుకొస్తాయి. అసలుది బూడిద రంగులో, చీమ తలంత, ఎక్కడో నక్కి ఉంటుంది. దాన్ని కనిపెట్టడంలో నన్ను మించినవాడు సజ్జా మొత్తంలో లేడు. నేను మౌస్ పట్టుకుంటే గది ఊపిరి బిగబట్టేది. "అగో, మీదున్నది గాదురా, కిందిది!" అని కాక అరిచినా వినకుండా టక్కున ఒక్కటి నొక్కేవాణ్ణి. ఖలాస్. అందుకు బదులుగా శుక్రవారం సెలవునాటి మటన్ కూరలో నల్లి బొక్క నాది. అలా అని ఎవరూ అనుకున్నది లేదు కానీ, గరిటె పట్టిన కాక నా పళ్ళెం దగ్గరికి రాగానే గిన్నె అడుగు దాకా వెతికి ఆ ఎముకను పైకి తీసేవాడు. ఇంటర్ రెండుసార్లు తప్పినవాడికి అంతకన్నా పెద్ద పదవి ఏం కావాలి?

మెట్‌పల్లి వైపు నుంచి ఒక ఏసీ మెకానిక్ మా గదిలోకి వచ్చేదాకా అంతా బాగానే సాగింది. నాకన్నా రెండేళ్ళు చిన్న, తనకూ ఒక ల్యాప్‌టాప్, పైగా నవ్వు ముఖం. (ఈ మూడోది నాకు అసలు నచ్చలేదు.) ఆ శుక్రవారం పొద్దున, "అన్నా, ఇయ్యాల నా దాంట్ల పెడుదమా? యాడ్‌లు రావు," అన్నాడు. ఎలా రావో చూద్దామని గోడకు ఆనుకుని కూర్చున్నాను. రాలేదు. ఏదో బ్లాకర్ అట, ఎక్కించుకుంటే ప్రకటనలను గుమ్మంలోనే ఆపేస్తుందట. సినిమా పేర్ల దగ్గర్నుంచి శుభం దాకా ఒక్క ఊపున నడిచింది. "అరె, గిది సీదా పోతాందిరా! యాడా ఆగుతలేదు," అని కాక మురిసిపోయాడు. అన్నాల వేళ నల్లి బొక్క తీసి అతని పళ్ళెంలో వేశాడు. నాకు మెడ ముక్క వచ్చింది.

ఒప్పుకుంటున్నాను, కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. వారమంతా అతని నవ్వు చూసినా, మడత నలగని చొక్కా చూసినా కడుపు మండేది. ఏమీ తోచక న్యాయం మాట్లాడటం మొదలుపెట్టాను. "యాడ్‌లు ఆపుడు తప్పు కాకా. గవ్వి లేకుంటె సైటోళ్ళు ఎట్ల బతుకుతరు?" అన్నాను. కాక తల కూడా ఎత్తలేదు. "దొంగ సినిమా సూసుకుంట ధర్మం జెప్తున్నవేందిరా?" అన్నాడు. ప్రకటనలను నాకన్నా ఎక్కువ తిట్టినవాడు ఆ క్యాంపులో లేడు. అవి ఇక రావని బెంగ పెట్టుకున్నదీ నేనొక్కణ్ణే.

మరుసటి శుక్రవారం కాక వంటగదిలో ఉన్నాడు, మిగతావాళ్ళు స్నానాలకు పోయారు, మెకానిక్ ఖుబ్బూస్ రొట్టెలు తేవడానికి బకాలా కొట్టుకు బయలుదేరాడు. అతని ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. పై మూలలో ఉన్న బ్లాకర్ బొమ్మను నొక్కి దాన్ని ఆపేసి, నా మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాను. సినిమా మొదలైన మూడో నిమిషానికి ప్రకటనలు కట్ట తెంచుకుని వచ్చాయి. మెకానిక్ ఒక గుర్తు నొక్కితే నాలుగొచ్చాయి, ఇంకోటి నొక్కితే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో అభినందనలు చెప్పడం మొదలుపెట్టింది. "యల్లా, మనోణ్ణి లేపుండ్రి!" అని కాక కేకేశాడు. అప్పుడే నిద్ర లేచినట్టు కళ్ళు నులుముకుంటూ, పెద్ద డాక్టరు వచ్చినట్టు వచ్చి కూర్చున్నాను. తొమ్మిది ప్రకటనలు, తొమ్మిది నొక్కులు. చప్పట్లు కొట్టారు.

నల్లి బొక్క నా పళ్ళెంలోకి తిరిగొచ్చింది. నోటి దాకా తీసుకుపోయానో లేదో, మెకానిక్ వచ్చి పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా అన్నాడు:

"అన్నా, నువ్వు బంద్ జేసింది నేను సూసిన. పర్సు మర్సిపోయి ఎనక్కచ్చిన, తలుపు కాడ్నే ఉన్న."

"మరి మల్ల ఎందుకు ఆన్ జెయ్యలే?"

"వారం సంది నువ్వు సక్కగ బువ్వ తింటలేవు గదనే. గా దొంగ గుర్తులు గూడ నేను కావాల్నే ఒత్తిన."

నవ్వాడు, అదే నవ్వు. ఎముకను అతని పళ్ళెం అంచుకు తట్టి సగం మూలుగ అక్కడ రాల్చాను. దాంతో నా అసూయ పోయిందనుకునేరు. పోలేదు. అంతకుముందు అతని ల్యాప్‌టాప్ చూసి కుళ్ళుకున్నవాణ్ణి, ఆ రోజు నుంచి అతని మంచితనం చూసి కుళ్ళుకున్నాను. ఆ కుళ్ళును ఆపేసే బొమ్మ ఏ మూలలోనూ దొరకలేదు.

ఇప్పుడు ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లోనూ బ్లాకర్ ఉంది, పెట్టింది అతనే. సినిమా నిరాటంకంగా నడుస్తుంది. మా ఆవిడ నేనేమీ చేయకపోయినా నల్లి బొక్క నాకే వేస్తుంది. కానీ ఒక్కోసారి సినిమా మధ్యలో నా కుడిచేయి దానంతటది తెర మూలకు పోతుంది. ఏం కావాలని అడుగుతుంది ఆవిడ. ఏం లేదని నవ్వి చేయి వెనక్కి తీసుకుంటాను.