గాల్లో రాడ్డు

కండక్టరుగారికి పడటం రాదు. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది గానీ, జూడోలో అదే అసలు చిక్కు. అవతలివాణ్ణి ఎత్తి పడెయ్యడం తరవాతి మాట. ముందు మనం పడటం నేర్చుకోవాలి. గడ్డం గుండెలకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, నేల తగిలే క్షణంలో అరచేత్తో మ్యాట్‌ని ఫట్టున చరచాలి. చిన్నపిల్లలు సైతం ఇట్టే పట్టేసిన ఈ విద్య ఆయనకి మాత్రం పట్టుబడలేదు.

ఎలా పట్టుబడుతుంది? ఆయన బతుకంతా బస్సులో నిలబడే గడిచింది. బ్రేకు పడితే చాలు, చూడకుండానే చెయ్యి పైకి లేచి రాడ్డుని పట్టేస్తుంది. జూడో హాల్లోనూ అంతే. ఎవరైనా కాలు మెలేసి లాగగానే ఆ చెయ్యి గాల్లోకి లేచి, లేని రాడ్డు కోసం తడుముకునేది. మనిషి మాత్రం బస్తాలా దబ్బున కూలేవాడు.

ఇంట్లో భార్య దులిపేసేది. "మోకాళ్ళకి నూనె రాసుకునే వయసులో ఈ కుస్తీలేంటయ్యా? నడుం విరిగితే నిన్నెవరు ఎత్తుతారు?"

ఏం చెబుతాడు? సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు, మేడమీది కిటికీలో ఓ సన్నటి అమ్మాయి ఓ భారీ మనిషిని గిరవాటెయ్యడం చూసి ఆ ఆటమీద మనసు పారేసుకున్నానని చెబుతాడా? చెబితే ఇంకేమైనా ఉందా! ఉద్యోగం నాన్న చూపించాడు, పెళ్ళి మేనమామ కుదిర్చాడు. తనకై తను కోరుకున్నది ఇదొక్కటే.

ఆ సన్నటి అమ్మాయే ఇప్పుడాయన గురువు. ఓ సాయంత్రం ఆయన మణికట్టు మీద పడ్డాడు. విరగలేదు గానీ బాగా వాచింది. ఆమె మొహమాటపడలేదు.

"బాబాయ్ గారూ, ఇక చాలు. ఆ చెయ్యి పైకి లేస్తున్నన్నాళ్ళూ మీరు మ్యాట్ ఎక్కొద్దు."

"మాన్పించేస్తున్నారా మేడమ్?" అన్నాడాయన.

మర్నాడు ఆమె ఆయన బస్సే ఎక్కింది. వెనక సీట్లో కూర్చుని చివరి స్టాపు దాకా ఆ చేతినే చూసింది.

"నా దగ్గర కాసేపు నేర్చుకుని, ఇక్కడ రోజంతా మర్చిపోతున్నారు. రాడ్డు వదిలేయండి. మోకాళ్ళు వంచి, నడుం సీటుకి ఆనించి నిలబడండి."

"కండక్టరు బస్సులో పడితే పరువేం కాను మేడమ్?"

"పరువు కావాలా, జూడో కావాలా?"

బాగానే అడిగింది మహాతల్లి!

ఆయన రాడ్డు వదిలేశాడు. తూలి జనం మీద వాలాడు, తిట్లు తిన్నాడు. "ఏమయ్యా, పొద్దున్నే వేసుకొచ్చావా?" అని కూడా అనిపించుకున్నాడు. సాయంత్రాలు హాలు మెట్ల దాకా వెళ్ళి, లోపల ఫట్‌ఫట్‌మనే చప్పుళ్ళు విని వెనక్కొచ్చేసేవాడు. ఏడుపొచ్చేది.

ఓ మధ్యాహ్నం, డ్రైవరుకి వీపు పెట్టి ఆయన టికెట్టు కొడుతుండగా బస్సుకి కుక్క అడ్డమొచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. కండక్టరు బస్సు నడిమధ్యన, అందరి కాళ్ళ దగ్గర, వెల్లకిలా పడ్డాడు. ఫట్టుమంది.

"అయ్యో, ఎవరన్నా లేపండి!" అని ఓ పెద్దావిడ కేకేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన వెంటనే లేవలేదు. పడుకునే తన కుడిచేతికేసి చూసుకున్నాడు. అది నేలమీద చాచి ఉంది.

డ్యూటీ దిగి, ఆ బట్టలతోనే మెట్లెక్కాడు. హాల్లో అందరూ ఆగి చూశారు.

"పడ్డాను మేడమ్," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "బస్సులో. అందరి ముందూ!"

దెబ్బ తగిలిందా అని ఆమె అడగలేదు. "చెయ్యి?" అంది.

ఇంకా ఎర్రగానే ఉన్న అరచెయ్యి చాపి చూపించాడు.

"చెప్పులు విప్పి రండి బాబాయ్ గారూ," అంటూ ఆమె మ్యాట్ మీద పక్కకి జరిగింది.