వడ్డించే చేతిని అడగండి

అరవైల్లో నేను గుంటూరు పెద్దాసుపత్రిలో నర్సుని. నోట్లో పుండని వచ్చినవాళ్ళని మా డాక్టరుగారు మొదట అడిగే ప్రశ్న, "కారం తగిలితే మండుతోందా?" ఎక్కడో దూరం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, పాపం. మిరప పండించే జనాన్ని అడగాల్సిన ప్రశ్నేనా అది? "కారమన్నాక మండదా అండీ?" అని కొందరు ఎదురడిగేవాళ్ళు. "మాకు కారం మండటమేంటండీ" అని మిగతావాళ్ళు చిన్నబుచ్చుకునేవాళ్ళు. ఏం రాసుకోవాలో తెలియక ఆయన కలం కొరుక్కునేవారు.

ఒకరోజు సత్తెనపల్లి వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. తనకేమీ మండదంది. వెనక నిలబడ్డ కోడలు ఊరుకోలేదు.

"అబద్ధమండీ. పత్తి తీతలప్పటి నుంచి పచ్చడి పక్కకి నెట్టేసి మజ్జిగన్నమే తింటంది."

అత్త కోడలివైపు ఉరిమి చూసింది. డాక్టరుగారు టార్చి వేసి చూస్తే అది క్యాన్సరు, బాగా ముదిరిపోయింది. నొప్పికి మందిచ్చి ఇంటికి పంపడం తప్ప ఏమీ చేయలేకపోయాం. మర్నాటి నుంచి ఆయన పద్ధతి మార్చారు.

"సిస్టర్, ముందు ఆ ఇంట్లో అన్నం వడ్డించేదెవరో పిలవండి."

ఆ ఏడే సెలవు పెట్టి మా అత్తగారి ఊరు వెళ్ళాను. ఆవిడ అడ్డచుట్ట మనిషి. పత్తి తీసేటప్పుడు చేతులు రెండూ పనిలో ఉంటాయి, నిప్పురవ్వ పత్తి మీద పడితే కొంప మునుగుతుంది. అందుకని అక్కడి ఆడవాళ్ళు కొందరు చుట్ట వెలిగించిన కొసని నోటి లోపల పెట్టుకుని పీల్చేవాళ్ళు. మా అత్తగారు ఆ చుట్ట తీయకుండానే నన్ను తిట్టగలిగేది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

మధ్యాహ్నం నేనే వడ్డించాను. పండుమిరపకాయల కొరివికారం వేయబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, "పొద్దున తిన్నాలేవే" అంది. పొద్దున తిన్నది చద్దన్నం, మజ్జిగ. పెట్టింది నేనే. పచ్చడి గిన్నె కింద పెట్టేశాను.

"నోరు తెరవండి అత్తయ్యా."

"అన్నం కాడ ఏందే నీ నర్సు వేషాలు?"

వాకిట్లో ఎండలోకి లాక్కెళ్ళి చూశాను. అంగిట్లో తెల్లమచ్చ, దాని మధ్య చిన్న పుండు. ఆవిడకి ముందే తెలుసు. భయపడి దాచింది.

"నోరు కోసేస్తారంటగా. ఇంక నిన్ను తిట్టేదెట్టా?"

"తిట్టడానికైనా బతకండి," అన్నాను. బస్సెక్కేదాకా సాధించింది కానీ ఎక్కింది.

ముక్క తీసి పరీక్షకి పంపారు. అదే జబ్బు, కాకపోతే ఇంకా చిన్నది. కోసి తీసేశారు. వార్డులో ఉన్నన్నాళ్ళూ, మాట ముద్దముద్దగా వస్తున్నా, పక్క మంచాలవాళ్ళ కోడళ్ళని పిలిచి "మీ అత్త పచ్చడి తింటందా?" అని ఆరా తీసేది. చుట్ట మానింది. మాన్పించానని నన్ను రోజూ తిట్టింది.

ఏడాది తిరిగాక గుంటూరులో మా ఇంటికొచ్చి, కొరివికారం తనే అడిగి వేయించుకుంది. ముద్ద నోట్లో పెట్టుకుని, "మండతందే" అంది.

ఆవిడ నోటి నుంచి ఆ మాట నేను వినడం అదే మొదలు. వడ్డన వదిలేసి టార్చి తెచ్చి అంగిలంతా వెతికాను. మానిన మచ్చ తప్ప ఏమీ లేదు.

"ఏం లేదత్తయ్యా," అన్నాను. ఏడుపొచ్చింది.

"కారమన్నాక మండదటే?" అని ఆవిడ ఇంకో ముద్ద కలుపుకుంది.